పీహెచ్‌డీకి ఏ ల్యాబ్? జీవశాస్త్ర విద్యార్థులు చేరకముందే పోల్చి చూసుకోవాల్సినవి

నెట్ పరీక్ష గట్టెక్కి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) చేతికొచ్చాక, హైదరాబాద్ పరిశోధన సంస్థల పేర్లు చెప్పి మన విద్యార్థులు ముందుగా అడిగేది "సీసీఎంబీనా, హెచ్‌సీయూనా, సీడీఎఫ్‌డీనా?" అని. అడగాల్సిన ప్రశ్నే, కానీ దాని వంతు తర్వాత వస్తుంది. ఒకే కారిడార్‌లో ఎదురెదురుగా ఉన్న రెండు ల్యాబుల్లో ఒకచోట ఐదేళ్లు, ఐదున్నరేళ్లకు థీసిస్ ఇచ్చి వెళ్తుంటారు. ఎదుటి ల్యాబ్‌లో ఏడో ఏడు నడుస్తున్నా సినాప్సిస్ (థీసిస్‌కు ముందు ఇచ్చే సారాంశం) ఊసుండదు. ఇద్దరికీ సంస్థ ఒకటే, కోర్స్‌వర్క్ ఒకటే, మైక్రోస్కోపులూ అవే. తేడా అంతా గైడ్‌లో, ఎంచుకున్న ప్రశ్నలో, డబ్బు వచ్చే దారిలో ఉంది. అందుకే ముందు ల్యాబుల్ని పోల్చి, ఆ తర్వాతే సంస్థల దగ్గరికి రావాలి. ఇక్కడి ఉదాహరణలు జీవశాస్త్రానివి. రసాయన శాస్త్రం వాళ్లకు జంతువుల భాగం తప్ప మిగతాదంతా పనికొస్తుంది.

ముందు వెళ్లినవాళ్ల లెక్క తీయండి

ల్యాబ్ గురించి వెబ్‌సైట్ చెప్పేదానికంటే, అక్కడ చదివి వెళ్లినవాళ్ల జాబితా చెప్పేదే ఎక్కువ. దీనికి ఒక పూట పడుతుంది. అంతకంటే లాభసాటిగా గడిపే పూట ఈ వేటలో ఇంకొకటి ఉండదు.

చాలా పరిశోధన సంస్థల వార్షిక నివేదికలు వాటి వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. వాటిలో ఒక్కో గ్రూపు సభ్యుల పేర్లు కూడా ఇస్తుంటారు. గడిచిన ఎనిమిది, పదేళ్ల నివేదికలు దింపుకుని, మీరు చూస్తున్న గ్రూపులో ఏ పేరు ఏ ఏడాది మొదలైంది, ఏ ఏడాది మాయమైంది అని ఒక షీట్‌లో రాసుకోండి. తర్వాత ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో గైడ్ పేరుతో వెతికితే ఆ గైడ్ దగ్గర పూర్తయిన థీసిస్‌లు కనిపిస్తాయి. పూర్తి వివరాల పేజీ తెరిస్తే కొన్నింటికి రిజిస్టరైన తేదీ, పూర్తయిన తేదీ కూడా ఉంటాయి. చివరగా పబ్‌మెడ్‌లోనో గూగుల్ స్కాలర్‌లోనో ఆ పేర్లు కొట్టి, ఎవరికి మొదటి రచయితగా పేపర్ వచ్చిందో, థీసిస్‌కు ముందు వచ్చిందా తర్వాతా అన్నది పక్కన రాయండి.

ఇప్పుడు షీట్ చదవాలి. రెండు మూడేళ్లు కనిపించి, థీసిస్ లేకుండానే కనుమరుగైన పేర్లే ముఖ్యం. ఒక్కరుంటే పట్టించుకోనక్కర్లేదు. పెళ్లయి ఊరు మారి ఉండొచ్చు, ఉద్యోగం వచ్చి ఉండొచ్చు. థీసిస్ ఇంకా అప్‌లోడ్ కాకపోయి ఉండొచ్చు కూడా. పదేళ్లలో ముగ్గురుంటే మాత్రం కారణం తెలుసుకోకుండా ఆ ల్యాబ్‌లో చేరొద్దు. రెండోది, పేపర్లలో మొదటి పేర్లన్నీ పోస్ట్‌డాక్‌లవే (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసేవాళ్లవే) అయి విద్యార్థులు ఎప్పుడూ మూడో పేరు, నాలుగో పేరుగానే ఉంటే, అక్కడ విద్యార్థులది చేతిసాయమే అనుకోవాలి. మూడోది, పేపర్ థీసిస్ ఇచ్చిన రెండు మూడేళ్లకు వస్తుంటే, పోస్ట్‌డాక్ దరఖాస్తు వేసే వేళకు మీ చేతిలో ఏమీ ఉండదు. జర్నల్ కంటే ముందే పేపర్‌ను బయోఆర్‌కైవ్ సైట్‌లో పెట్టే అలవాటున్న గ్రూపుల్లో ఈ ఇబ్బంది తక్కువ.

అచ్చయిన పేపర్ల మీద సందేహాలు రాసే పబ్‌పీర్ సైట్‌లో గైడ్ పేరు కొట్టి చూడటమూ మరవద్దు. ఎవరో ఒక బొమ్మ మీద సందేహం రాసినంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు. దానికి ఆ గ్రూపు అసలు డేటా చూపించి జవాబిచ్చిందా, ఏళ్ల తరబడి మౌనంగా ఉందా అన్నది చూడండి.

ఫెలోషిప్ ఐదేళ్లు, మరి ఆరో ఏడు?

సీఎస్‌ఐఆర్, యూజీసీ ఫెలోషిప్‌లు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, సమీక్షలో నెగ్గి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయ్యాక మరో మూడేళ్లు 42,000. హాస్టల్ దొరకకపోతే హెచ్‌ఆర్‌ఏ అదనం. మొత్తం ఐదేళ్లు. జీవశాస్త్రంలో థీసిస్ ఐదేళ్లకు పూర్తవడం మంచి ల్యాబుల్లోనూ తేలిక కాదు. 2022 యూజీసీ నిబంధనలు గడువును ఆరేళ్లు పెట్టి, మరో రెండేళ్లు పొడిగించే వీలిచ్చాయి. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఆపైన ఇంకో రెండేళ్లు ఉంది. అంటే రిజిస్ట్రేషన్ బతికే ఉంటుంది, నెల జీతం మాత్రం ఆగిపోతుంది. ఇద్దరు గైడ్‌లను పోల్చేటప్పుడు అడగాల్సిన సూటి ప్రశ్న ఇది: "సర్, ఐదేళ్లు దాటినవాళ్లకు ఇక్కడ ఎలా సర్దుబాటు చేస్తారు?" కొన్ని గ్రూపుల్లో ప్రాజెక్టు డబ్బులోంచి ఇస్తారు, కొన్ని సంస్థలు కొన్ని నెలలు సొంతంగా ఇస్తాయి, కొన్నిచోట్ల ఇంటి నుంచి తెచ్చుకోవాల్సిందే. దేనికైనా ముందుగా తెలిసి ఉండటం ముఖ్యం. ఫెలోషిప్ నెలనెలా ఠంచనుగా పడుతుందన్న భరోసా కూడా పెట్టుకోవద్దు. మూడు నెలల ఖర్చు పక్కన ఉంచుకునే చేరండి.

మీ ఫెలోషిప్ మీ కడుపు నింపుతుంది, ప్రయోగాన్ని నడపదు. సీఎస్‌ఐఆర్ ఇచ్చే కంటింజెన్సీ (చిల్లర ఖర్చుల డబ్బు) ఏడాదికి 20,000. ప్రొటీన్లను గుర్తించడానికి వాడే మంచి ప్రైమరీ యాంటీబాడీ ఒక్క సీసాకే ఆ డబ్బు చాలకపోవచ్చు. రియేజెంట్లు, సీక్వెన్సింగ్, జంతువుల ఖర్చు గైడ్ గ్రాంట్లలోంచి రావాలి. కాబట్టి నడుస్తున్న గ్రాంట్లు ఏవి, ఏ ఏడాదితో ముగుస్తాయి అన్నది అడగండి. అడగడం మర్యాద కాదేమో అని మన పిల్లలు వెనకాడతారు. మొహమాటం వద్దు. "నా ప్రాజెక్టు ఏ గ్రాంట్‌లోంచి నడుస్తుంది మేడమ్, అది ఎప్పటిదాకా ఉంటుంది?" అంటే ఏ మంచి గైడూ తప్పుపట్టరు. గ్రాంట్ సాధారణంగా మూడేళ్లు. రామలింగస్వామి ఫెలోషిప్‌తో వచ్చిన గైడ్లకు, ఇండియా అలయన్స్ ఇంటర్మీడియట్ ఫెలోషిప్ ఉన్నవాళ్లకు ఐదేళ్లు. మీరు చేరేనాటికే దాంట్లో నాలుగేళ్లు అయిపోయి ఉంటే, మీ రెండో ఏడాదికి కొత్త గ్రాంట్ రావాల్సిందే.

సొంత ఫెలోషిప్ లేనివాళ్లకు ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్ ఉద్యోగం ఎదురవుతుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ప్రాజెక్టులో చేరినంత మాత్రాన పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రాదు. దానికి ఆ సంస్థ ప్రవేశ పద్ధతి వేరే ఉంటుంది. "ముందు చేరు, తర్వాత చూద్దాం" అన్న మాట మీద రెండేళ్లు పెట్టొద్దు. ఏ నోటిఫికేషన్‌లో, ఏ పరీక్షతో, ఏ నెలలో రిజిస్ట్రేషన్ అవుతుందో తేలాకే చేరండి. ఆ ప్రాజెక్టు విషయమే మీ థీసిస్ విషయమా, లేక పగలు ప్రాజెక్టు, రాత్రి థీసిస్ పనా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

ఏ జీవి మీద పని అన్నది కాలాన్ని నిర్ణయిస్తుంది

ఎంచుకునేటప్పుడు జనం అస్సలు లెక్కలోకి తీసుకోని విషయం ఇది. ఈ. కోలై బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకు రెట్టింపవుతుంది, ఈస్ట్‌కు గంటన్నర. సీ. ఎలిగన్స్ పురుగుకు 20 డిగ్రీల వద్ద మూడున్నర రోజుల్లో కొత్త తరం వస్తుంది, పండ్ల ఈగకు 25 డిగ్రీల వద్ద పది రోజుల్లో. జీబ్రాఫిష్ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి మూడు నెలలు. చిట్టెలుకకు గర్భం మూడు వారాలు, పిల్లలు జతకట్టే ఈడుకు రావడానికి మరో ఆరు నుంచి ఎనిమిది వారాలు. క్షయ బ్యాక్టీరియా ఒకసారి విభజన చెందడానికే ఇంచుమించు ఒక రోజు, ప్లేటు మీద కాలనీ కనబడటానికి మూడు నాలుగు వారాలు.

ఈ అంకెల్ని థీసిస్‌లోకి మార్చి చూడండి. ఒక జన్యువును కాలేయంలో మాత్రమే తీసేసిన చిట్టెలుక కావాలనుకుందాం. ఆ జన్యువుకు రెండు పక్కలా లాక్స్‌పీ అనే కత్తిరింపు గుర్తులున్న ఎలుకను, ఆ గుర్తుల వద్ద కత్తిరించే క్రీ ఎంజైమ్ కాలేయంలో తయారయ్యే క్రీ ఎలుకతో జతకట్టించి, పుట్టినవాటిలో సరైనవాటిని మళ్లీ లాక్స్‌పీ ఎలుకతో జతకట్టించాలి. రెండు తరాలు, పెద్దవయ్యే దాకా వేచి ఉండటం, మధ్యలో జీనోటైపింగ్ (ఏ పిల్లలో ఏ జన్యువుందో పరీక్షించడం), అన్నీ సజావుగా సాగితే ఆరు నెలలు. ఆ చివరి తరంలో నాలుగింట ఒకటే మీకు కావాల్సిన పిల్ల. మగవే కావాలంటే ఎనిమిదింట ఒకటి. పది మగ ఎలుకలతో ప్రయోగం చేయాలంటే దాదాపు ఎనభై పిల్లలు పుట్టాలి. ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు అనుకుంటే పది పదమూడు ఈతలు. ఇదంతా ఆ రెండు రకాల ఎలుకలూ ఇప్పటికే యానిమల్ హౌస్‌లో ఉంటే. విదేశం నుంచి తెప్పించాలంటే అనుమతులకు, క్వారంటైన్‌కు ఇంకా నెలలు కలుపుకోవాలి. మీ ప్రయోగానికి సంస్థలోని జంతు నైతిక కమిటీ ఆమోదం ఉండాలి, ఆ కమిటీ రోజూ కూర్చోదు.

ఈగల ల్యాబ్‌లో అదే రెండు తరాల పని మూడు నాలుగు వారాల్లో అయిపోతుంది. పొరపాటు జరిగితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఎలుకల ల్యాబ్‌లో మూడో ఏడాది ఒక పొరపాటు జరిగితే ఆ ఏడాది పోయినట్టే. అలాగని ఎలుకల మీద పనిచేయొద్దని కాదు. రోగనిరోధక శక్తి, జీవక్రియ, క్యాన్సర్ లాంటి ప్రశ్నలకు అవి లేకుండా కుదరదు. ఎలుకల ల్యాబ్‌లో చేరేవాళ్లు మాత్రం రెండు సంగతులు ముందే రూఢి చేసుకోవాలి: కావాల్సిన ఎలుకలు ఈరోజు పంజరాల్లో ఉన్నాయా, అవి పెరిగే లోపల చేయడానికి సెల్ కల్చర్ పని ఉందా. మొదటిదానికి "ఆర్డర్ పెట్టాం" అన్న జవాబు వస్తే, ఏడాది తర్వాత వస్తాయనే లెక్క వేసుకోండి.

క్షయ మీద పనిచేసే ల్యాబ్ అయితే బీఎస్‌ఎల్-3 సదుపాయం (ప్రమాదకర క్రిములతో పనికి కట్టుదిట్టంగా కట్టిన ల్యాబ్) సంవత్సరంలో ఎన్ని నెలలు నిజంగా నడుస్తుందో అడగండి. మరమ్మతులకు మూసేస్తే ప్రయోగం ఆగిపోతుంది. ఇక్రిశాట్‌లోనో రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలోనో మొక్కల పని చేసేవాళ్లకు ఇంకో రకం ఎదురుచూపు. వరికి తరానికి మూడున్నర నుంచి ఐదు నెలలు. కాలస్ (ల్యాబ్‌లో పెంచే మొక్క కణాల ముద్ద) నుంచి మొక్క తెచ్చి, స్థిరమైన లైన్లు (తరతరానికీ మారని మొక్కలు) వచ్చేదాకా రెండు తరాలు పెంచితే ఒక్కో కన్‌స్ట్రక్ట్‌కు (మొక్కలో పెట్టే జన్యు ముక్కకు) ఏడాదిన్నర అవుతుంది. అందుకే మొక్కల ల్యాబ్‌లో చేరే ముందు తయారుగా ఉన్న లైన్లు ఎన్ని అని అడగడం అన్నిటికంటే ముఖ్యం. ఆసుపత్రి శాంపిళ్ల మీద ఆధారపడే ప్రాజెక్టులో, అవి ఇచ్చే డాక్టర్‌తో ఒప్పందం కాగితం మీద ఉందా, నైతిక కమిటీ అనుమతి వచ్చిందా, నెలకు ఎన్ని శాంపిళ్లు వస్తున్నాయి అన్నవి చూడాలి.

ఏ జీవి అయినా సరే, "కాదు" అని తేలినా థీసిస్ నిలబడే ప్రశ్న మేలు. "ఈ ప్రొటీన్ ఆ ప్రొటీన్‌ను అంటుకుంటుందా?" అన్నదాని మీదే నాలుగు అధ్యాయాలూ కట్టిన ప్రాజెక్టు, అంటుకోదని రెండో ఏడాది తేలితే కుప్పకూలుతుంది. రెండు లక్ష్యాలుండి, ఒకటి ఖచ్చితంగా డేటా ఇచ్చేది, రెండోది సాహసంతో కూడినది అయితే నిశ్చింతగా దిగొచ్చు.

కొత్త గైడా, పేరున్న గైడా

కొత్తగా ల్యాబ్ పెట్టిన గైడ్ పక్కనే నిలబడి పిపెట్ పట్టి చూపిస్తారు. మీ ఫలితం అదే సాయంత్రం చూస్తారు. వాళ్ల భవిష్యత్తూ మీ మొదటి పేపర్‌తో ముడిపడి ఉంటుంది. ఎదురయ్యే చిక్కులూ అంతే ఖాయం: మొదటి ఏడాది సగం పరికరాలు బిగించడంలో, కొటేషన్లు తెప్పించడంలో, ప్రోటోకాల్స్ నిలబెట్టడంలో పోతుంది. అడగడానికి సీనియర్ ఉండరు. పాత విద్యార్థుల లెక్క తీయడానికీ వీలుండదు. దానికి బదులు ఆ గైడ్ పోస్ట్‌డాక్‌గా చేసిన పేపర్లు చూడండి. ఒక్క పెద్ద ల్యాబ్ నీడలోనివేనా, సొంత ఆలోచన ఏదైనా వేరుపడి కనిపిస్తోందా? తమ పాత గైడ్‌తో పోటీ పడాల్సిన అంశాన్నే ఇక్కడికీ తెచ్చుకున్నారా? తెచ్చుకుంటే, పది రెట్లు పెద్ద గ్రూపుతో మీరు పరుగు తీయాలి.

పేరున్న పెద్ద ల్యాబ్‌లో అన్నీ సిద్ధంగా ఉంటాయి. గైడ్ సమయం మాత్రం ఉండదు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు దాకా పీహెచ్‌డీ విద్యార్థులు ఉండొచ్చు. ఎనిమిది మందితోపాటు పరిపాలన పదవి కూడా ఉన్న గైడ్ నెలకోసారి కూడా విడిగా కూర్చోలేరు. అలాంటి ల్యాబ్‌లో మీ అసలు గైడ్ ఒక పోస్ట్‌డాకో సీనియర్ స్కాలరో అవుతారు. వాళ్లు వచ్చే ఏడాది వెళ్లిపోతున్నారా అన్నది కనుక్కోండి.

రిటైర్మెంట్ తేదీ కూడా చూడాలి. మూడేళ్లలోపు రిటైరయ్యే అధ్యాపకులు కొత్త విద్యార్థిని తీసుకోకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. నాలుగేళ్లుంటే తీసుకోవచ్చు, కానీ మీకు ఆరేళ్లు పట్టొచ్చు. అప్పుడు కో-గైడ్ ఎవరు, రిటైరయ్యాక ల్యాబ్ స్థలం ఎవరిది అన్నది చేరేటప్పుడే తేలాలి.

మా అభిప్రాయం అడిగితే: బెంచ్ పని (ల్యాబ్‌లో చేత్తో చేసే ప్రయోగం) ఇంకా పూర్తిగా చేతికి రానివాళ్లకు, ఏడెనిమిదేళ్ల క్రితం ల్యాబ్ మొదలుపెట్టి ఒకరిద్దరు విద్యార్థుల్ని బయటికి పంపిన గైడ్ అన్నివిధాలా అనువైనవారు. ఎంఎస్సీ తర్వాత ఏడాది రెండేళ్లు ప్రాజెక్టులో పనిచేసి, తమ ప్రశ్నేమిటో తెలిసినవాళ్లకు పెద్ద ల్యాబ్ సరిపోతుంది.

సంస్థ వంతు ఇప్పుడు

సీఎస్‌ఐఆర్ సంస్థలైన సీసీఎంబీ, ఐఐసీటీలలో డిగ్రీ ఏసీఎస్‌ఐఆర్ (ఆ సంస్థలకు డిగ్రీలిచ్చే అకాడమీ) ద్వారా వస్తుంది. గోపన్‌పల్లిలోని టీఐఎఫ్‌ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) సొంతంగా డిగ్రీ ఇస్తుంది, హెచ్‌సీయూ తానే విశ్వవిద్యాలయం. ఇతర సంస్థల్లో రిజిస్ట్రేషన్ ఏ విశ్వవిద్యాలయంలో అన్నది ముందే తెలుసుకోండి. కోర్స్‌వర్క్ ఎక్కడ చేయాలి, థీసిస్ మూల్యాంకనం ఎన్ని నెలలు పడుతుంది అన్నవి దాన్నిబట్టే ఉంటాయి. థీసిస్ ఇచ్చాక వైవాకు (మౌఖిక పరీక్షకు) ఏడాది పట్టే చోట, పోస్ట్‌డాక్ ఆఫర్ చేతిలో ఉండి కూడా సర్టిఫికెట్ కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

పరిశోధన సంస్థల్లో పరికరాలు ఎక్కువ, పాఠాల భారం తక్కువ. విశ్వవిద్యాలయంలో గైడ్‌కు ఎంఎస్సీ క్లాసులు, పరీక్షలు ఉంటాయి. మీకూ ప్రాక్టికల్స్ చేయించే పని పడొచ్చు. అధ్యాపక ఉద్యోగం కోరుకునేవాళ్లకు అది ఉపయోగపడే అనుభవమే. పరికరం ఉందా లేదా అన్నదానికంటే అది నడుస్తోందా అన్నది చూడాలి. కాన్ఫోకల్ మైక్రోస్కోప్ దగ్గరుండే లాగ్‌బుక్ ఒక్కసారి తిప్పండి. నిన్నటి తేదీ ఉందా? బుకింగ్ ఎన్ని రోజుల తర్వాతికి దొరుకుతోంది? ఏఎంసీ (ఏటా చేసుకునే నిర్వహణ ఒప్పందం) ఉందా? మైనస్ ఎనభై ఫ్రీజర్లకు జనరేటర్ ఉందా? కోట్ల రూపాయల మైక్రోస్కోప్ ఏఎంసీ లేక లేజర్ పోయి గుడ్డ కప్పుకుని ఉన్నచోట, నెలల తరబడి ఊరికి అవతలి సంస్థకు స్లైడ్లు మోసుకెళ్లాలి.

ల్యాబ్‌కు వెళ్లినప్పుడు

వీలైతే రెండు నుంచి నాలుగు వారాలు అక్కడ పనిచేసి చూడండి. బెంగళూరు ఎన్‌సీబీఎస్ లాంటి చోట్ల మొదటి ఏడాది రొటేషన్ (కొన్ని వారాల చొప్పున వేర్వేరు ల్యాబుల్లో పనిచేయడం) ఉంటుంది కాబట్టి ఆ అవకాశం సహజంగానే దొరుకుతుంది. రొటేషన్ లేని చోట కనీసం ఒక ల్యాబ్ మీటింగ్‌లో కూర్చోనివ్వమని అడగండి. ప్రయోగం ఫెయిలైందని ఎవరైనా చెప్పినప్పుడు గైడ్ ఏమంటారో గమనించండి. "కంట్రోల్ ఏం పెట్టావు?" అని అడిగే గైడ్ దగ్గర నేర్చుకుంటారు. "పోయినవారం ఎందుకు చెప్పలేదు?" అని మాత్రమే అడిగే గైడ్ దగ్గర ఫలితాలు దాచిపెట్టడం అలవాటవుతుంది.

విద్యార్థులతో ల్యాబ్‌లో కాకుండా క్యాంటీన్‌లో, ఒక్కొక్కరితో మాట్లాడండి. ఒకే ప్రశ్న ముగ్గుర్ని అడగండి. "గైడ్ ఎలాంటివారు అక్కా?" అంటే "బాగుంటారు" అనే వస్తుంది. ఇలా అడిగితే పని జరుగుతుంది:

- చివరిసారి మీరిద్దరే కూర్చుని డేటా చూసింది ఎప్పుడు?
- పోయిన పేపర్‌లో మొదటి పేరు ఎవరిదో ఎప్పుడు తేలింది, పని మొదట్లోనా రాసేటప్పుడా?
- ఒకే ప్రాజెక్టు మీద ఇద్దరు పనిచేస్తున్నారా?
- రాసిచ్చిన డ్రాఫ్ట్ గైడ్ నుంచి ఎన్నాళ్లకు తిరిగొచ్చింది?
- సంక్రాంతికి ఎన్ని రోజులు ఊరెళ్లారు?
- పూర్తిచేయకుండా చివరగా వెళ్లిపోయినవాళ్లతో మాట్లాడొచ్చా?

డ్రాఫ్ట్ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఏడేళ్ల థీసిస్‌లలో ఎన్నో నెలలు గైడ్ మెయిల్‌బాక్స్‌లో పడి ఉన్న డ్రాఫ్ట్‌లవే. ఒకే ప్రాజెక్టుకు ఇద్దర్ని పోటీకి పెట్టే ల్యాబ్‌ను, మిగతావన్నీ బాగున్నా, వదిలేయమనే చెబుతాం.

అమెరికా, జర్మనీ వెళ్లేవాళ్లకు

అమెరికాలో బయోమెడికల్ ప్రోగ్రాముల్లో సాధారణంగా ఎనిమిది నుంచి పది వారాల చొప్పున మూడు రొటేషన్లు ఉంటాయి. మూడూ గొప్ప పేర్లతో నింపుకుని, చివరికి ముగ్గురి దగ్గరా చోటు లేక ఇబ్బంది పడినవాళ్లుంటారు. "ఈ ఏడాది కొత్త విద్యార్థిని తీసుకునే డబ్బు ఉందా?" అని రొటేషన్‌కు ముందే మెయిల్‌లో అడగండి. అక్కడ అది మామూలు ప్రశ్నే. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన గ్రాంట్లు చూపే ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ సైట్‌లో గైడ్ పేరు కొడితే గ్రాంట్ ముగిసే తేదీ కూడా కనిపిస్తుంది. కెమిస్ట్రీ విభాగాల్లో చాలాచోట్ల రొటేషన్ లేకుండా, అధ్యాపకులతో మాట్లాడి మొదటి సెమిస్టర్ చివర్లో ఎంచుకోమంటారు. జర్మనీలో ఉద్యోగ కాంట్రాక్ట్ మీద, తరచుగా మూడేళ్లకు తీసుకుంటారు. పొడిగింపు గురించి సంతకానికి ముందే అడగాలి.

తేల్చుకోవడం, తప్పితే మారడం

రెండు ల్యాబులు మిగిలాక మార్కులు వేసి కూడితే మంచి పరికరాలు చెడ్డ గైడ్‌ను కప్పేస్తాయి. దానికి బదులు ముందు మూడు వడపోతలు పెట్టండి. గత పదేళ్లలో ఎక్కువమంది విద్యార్థులు పూర్తిచేశారా? మీ నాలుగో ఏడాది దాకా ప్రయోగాల ఖర్చుకు దారి కనిపిస్తోందా? గైడ్ నెలకు రెండుసార్లైనా విడిగా కూర్చుంటున్నారా? వీటిలో ఒక్కటి తప్పినా ఆ ల్యాబ్ పక్కకు. మూడూ నెగ్గినవాటిలో మీకు నచ్చిన ప్రశ్న ఉన్నదాన్ని తీసుకోండి, సంస్థ పేరు కాస్త చిన్నదైనా సరే.

చేరాక సరిపడటం లేదనిపిస్తే, మొదటి ఏడాది లోపల మారడం తేలిక. సీఎస్‌ఐఆర్ ఫెలోషిప్ మీ పేరు మీద వచ్చింది, అనుమతి తీసుకుని గైడ్‌ను మార్చుకునే దారి ఉంది. ముందు మీ పని సమీక్షించే డాక్టోరల్ కమిటీలో మీరు నమ్మే ఒక సభ్యునితో మాట్లాడి, కొత్త గైడ్ నోటిమాటగా ఒప్పుకున్నాక, అప్పుడు పాత గైడ్‌కు చెప్పి దరఖాస్తు పెట్టండి. ల్యాబ్ నోట్‌బుక్ అసలు ప్రతి, శాంపిళ్ల జాబితా పాత ల్యాబ్‌కు అప్పగించి, అందినట్టు మెయిల్ తీసుకోండి. ఆ పని మీద పేపర్ వస్తే మీ పేరు ఎక్కడుంటుందన్నది కూడా అదే మెయిల్‌లో రాయించుకోండి.